మీ వ్యాపార సాఫ్ట్‌వేర్‌కు ఏ క్లౌడ్ సరిపోతుంది? కర్నూలు వ్యాపారుల కోసం మెట్టు మెట్టుగా

కర్నూలులో ఒక మోస్తరు వ్యాపారం నడవాలంటే ఇవాళ నాలుగైదు సాఫ్ట్‌వేర్లు కావాలి. లెక్కలకు టాలీ, బిల్లింగుకు ఎవరో తెలిసిన కుర్రాడు రాసిచ్చిన ప్రోగ్రాం, స్టాకుకు ఇంకొకటి, జీతాలకూ హాజరుకూ మరొకటి, వీటికి తోడు ఒక వెబ్‌సైటు. చాలాచోట్ల ఇవన్నీ కౌంటరు కింద దుమ్ము పట్టిన ఒకే కంప్యూటర్లో ఉంటాయి. దాన్నే సర్వర్ అంటాం. దాని బదులు వేరే సంస్థ కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడమే క్లౌడ్. "క్లౌడ్‌కు మారిపోండి సార్, అంతా మేమే చూసుకుంటాం" అని వచ్చేవాళ్లు ఈ అయిదింటినీ మూటకట్టి ఒకే ప్లాన్‌లో పెడతారు. డబ్బు వృథా అయ్యేదీ, తర్వాత తలనొప్పి మొదలయ్యేదీ అక్కడే. ఒక్కో సాఫ్ట్‌వేర్ అవసరం ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి నిర్ణయం కూడా దేనికది విడిగా తీసుకోవాలి. ఆ పని ఎలా చేయాలో వరుసగా చెబుతాను.

మొదటి మెట్టు: ఏది ఆగితే ఏం ఆగుతుందో రాసుకోండి

ఒక నోటుబుక్కు తీసుకుని సాఫ్ట్‌వేర్‌కు ఒక పేజీ కేటాయించండి. ఎవరు వాడతారు, ఎక్కడి నుంచి వాడతారు, ఏ నెలల్లో పని ఎక్కువ, ఎవరు తయారు చేశారు, ఆ మనిషి ఇప్పటికీ ఫోనుకు దొరుకుతాడా అన్నవి రాయండి. ఆ కింద రెండు ప్రశ్నలకు గంటల్లో జవాబు రాయాలి. ఇది ఎన్ని గంటలు ఆగిపోతే తట్టుకోగలం? ఎన్ని గంటల డేటా పోతే మళ్లీ చేత్తో ఎక్కించుకోగలం? ముందు ముందు వచ్చే ప్రతి నిర్ణయమూ ఈ రెండు అంకెల మీదే నిలబడుతుంది.

ఆదోని వైపు ఒక పత్తి జిన్నింగు మిల్లును తీసుకుందాం. సీజన్‌లో గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. లోడుతో ఒకసారి, దించాక ఖాళీ బండితో ఇంకోసారి కాటా వేస్తారు. రెండు తూకాలకూ మధ్య ఉన్న తేడా మీదే రైతుకు పైకం కడతారు. కాటా గదిలో ప్రోగ్రాం పావుగంట ఆగిందంటే చీటీ రాదు, బండి కదలదు, వెనక ఉన్న బండ్లన్నీ రోడ్డు మీదే. అదే మిల్లులో జీతాల సాఫ్ట్‌వేర్ రెండు రోజులు పనిచేయకపోయినా నెలాఖరు కాకపోతే పట్టించుకునేవాళ్లుండరు. లెక్కల సాఫ్ట్‌వేర్ ఒక పూట ఆగితే ఇబ్బందే గానీ, పని నడిచిపోతుంది.

కాటా ప్రోగ్రాంను ఇంటర్నెట్ మీద ఆధారపడేలా పెట్టడం నాకు సమ్మతం కాదు. తూకం అక్కడి కంప్యూటర్లోనే నమోదు కావాలి, చీటీ అక్కడే ప్రింట్ కావాలి. నెట్ ఉన్నప్పుడు ఆ వివరాలు క్లౌడ్‌కు వెళితే చాలు. యజమాని కర్నూలులో కూర్చుని ఫోన్లో చూసుకుంటాడు. కొంత మన దగ్గర, కొంత క్లౌడ్‌లో ఉండే ఈ అమరికనే హైబ్రిడ్ అంటారు. జీతాలకు ఇంత అవసరం లేదు, నెలవారీ చందా కట్టి వాడుకునే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది.

రెండో మెట్టు: పద్ధతులు తెలుసుకోండి, పేర్లకు బెదరకండి

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో క్లౌడ్‌కు ఇచ్చిన నిర్వచనాన్నే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. అందులో సేవలు మూడు రకాలు, అమరికలు నాలుగు రకాలు. సేవల్లో తేడా అంతా బాధ్యత ఎవరిదన్న దగ్గరే ఉంది. వాటి పేర్లు సాస్ (సాఫ్ట్‌వేర్ యాజ్ ఎ సర్వీస్), పాస్ (ప్లాట్‌ఫాం యాజ్ ఎ సర్వీస్), ఐయాస్ (ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ యాజ్ ఎ సర్వీస్).

సాస్‌లో సాఫ్ట్‌వేర్ మొత్తం సేవ అందించే కంపెనీదే. బ్రౌజర్లో లాగిన్ అయి వాడుకోవడమే. అప్‌డేట్లు, సర్వర్లు, మరమ్మతులు వాళ్లే చూస్తారు. మీ చేతిలో ఉండేవి మీ డేటా, మీ పాస్‌వర్డ్‌లు, ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలన్న నిర్ణయం.

పాస్‌లో మీ సొంత ప్రోగ్రాం ఉంటుంది, కానీ అది నడిచే వేదికను వాళ్లు చూసుకుంటారు. మన వ్యాపారాలకు ఇందులో బాగా పనికొచ్చేది మేనేజ్డ్ డేటాబేస్, అంటే మన డేటా నిలవ ఉండే చోటును వాళ్లే నిర్వహించడం. రోజువారీ బ్యాకప్, లోపాలు సరిదిద్దే ప్యాచ్‌లు వాళ్లే వేస్తారు. నిన్న మధ్యాహ్నం 3 గంటలకు డేటా ఎలా ఉందో అలా వెనక్కి తెచ్చుకోవచ్చు. అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో ఆర్‌డీఎస్ అనే సేవలో ఇలా గరిష్ఠంగా 35 రోజుల వెనక్కి వెళ్లే వీలుంది.

ఐయాస్‌లో ఖాళీ సర్వర్ అద్దెకిస్తారు. ఆపరేటింగ్ సిస్టం అప్‌డేట్లు, ఫైర్‌వాల్, యాంటీవైరస్, బ్యాకప్, అన్నీ మీ నెత్తిన ఉంటాయి. పెద్ద సర్వర్లో ఒక వాటాను నెలకింత అని ఇచ్చే వీపీఎస్ కూడా ఈ కోవలోదే.

అమరికల్లో పబ్లిక్ క్లౌడ్ అంటే అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ లాంటి సంస్థలు అందరికీ అద్దెకిచ్చేది. ప్రైవేట్ క్లౌడ్ ఒక్క సంస్థ కోసమే. మన ఊళ్ల వ్యాపారాల్లో దాని ఖర్చుకు తగ్గ అవసరం ఉన్నవి చాలా అరుదు. కమ్యూనిటీ క్లౌడ్ ఒకే తరహా సంస్థలు కలిసి వాడుకునేది, దాన్ని వదిలేద్దాం. ప్రభుత్వ కార్యాలయాలకు సాఫ్ట్‌వేర్ అందించే పని మీదైతే మాత్రం టెండరులో చూసుకోండి. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ జాబితాలో చేరిన క్లౌడ్ సంస్థలనే వాడాలన్న షరతు సాధారణంగా ఉంటుంది.

నా సలహా ఒకటే వరుసలో వెళ్లండి. మీ పనికి సరిపడే సాస్ దొరుకుతుందా? దొరికితే అక్కడే ఆగండి. దొరకక సొంత ప్రోగ్రాం తప్పదనుకుంటే డేటాబేస్ వరకైనా మేనేజ్డ్‌కు ఇవ్వండి. అదీ కుదరదంటేనే ఖాళీ సర్వర్ తీసుకోండి, అది కూడా చూసుకునే మనిషి ఉంటేనే. మన దగ్గర ఈ చివరి మాట చాలా ముఖ్యం. చేతి పని బాగా వచ్చిన కుర్రాళ్లు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతారు. రాత్రి 10 గంటలకు సర్వర్ పడిపోతే ఫోన్ ఎత్తి సరిచేసే మనిషి పేరు నోటుబుక్కులో రాయలేకపోతే ఐయాస్ జోలికి వెళ్లొద్దు.

టాలీ గురించి విడిగా

టాలీ లాంటి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను క్లౌడ్‌లో పెట్టడమంటే చాలామంది డేటా ఫోల్డరు ఒక్కటీ ఇంటర్నెట్ మీద పెట్టి బ్రాంచీల నుంచి తెరవాలని చూస్తారు. అలా నడవదు, నడిచినా నత్తనడకే, మధ్యలో నెట్ తెగితే డేటా చెడిపోయే ప్రమాదం కూడా ఉంది. ప్రోగ్రామూ డేటా రెండూ ఒకే విండోస్ సర్వర్లో ఉండాలి. మనం దూరం నుంచే ఆ సర్వర్ తెరను చూపే రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆ సర్వర్లోకి వెళ్లి పనిచేసుకోవాలి.

ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంది. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును (సర్వర్లోకి వెళ్లే ద్వారాన్ని) నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టిన సర్వర్లను వెతికి, పాస్‌వర్డ్‌లు ఒకదాని వెంట ఒకటి ప్రయత్నించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. ఫైళ్లన్నీ తాళమేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ తరచుగా ఇటునుంచే దూరుతుంది. మీకు సర్వర్ అమ్మేవాళ్లను మూడు విషయాలు అడగండి. ముందు రక్షిత దారి అయిన వీపీఎన్‌లో చేరాకే డెస్క్‌టాప్ తెరుచుకుంటుందా? పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకు కోడ్ వస్తుందా? సర్వర్లోకి వెళ్లి పనిచేసే ప్రతి ఒక్కరికీ మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సు ధరలో కలిసే ఉందా? మూడోదానికి జవాబు తడబడితే ఆ చవక ధర వెనక లైసెన్సు లేదని అనుమానించాల్సిందే.

మూడో మెట్టు: చట్టం ఏమంటుందో చూసుకోండి

మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే లెక్కల పుస్తకాల బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వర్లో ఉండాలి, అదీ ప్రతిరోజూ తీయాలి. కంపెనీల లెక్కల నిబంధనలకు 2022లో చేసిన సవరణతో ఈ రోజువారీ నిబంధన వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్లో ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో చూపే ఆడిట్ ట్రయల్ తప్పనిసరి. మీ ఫర్మ్ ప్రొప్రయిటర్‌షిప్ అయితే ఈ రెండూ వర్తించవు గానీ, జీఎస్‌టీ రికార్డులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలన్నది అందరికీ ఒకటే. సాస్ చందా మానేసిన మరుసటి నెల మీ పాత బిల్లులు చూడ్డానికి దొరుకుతాయో లేదో ఇప్పుడే అడగండి.

కస్టమర్ల ఫోన్ నంబర్లు, రోగుల వివరాలు, ఉద్యోగుల ఆధార్ ప్రతులు మీ దగ్గరుంటే 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మిమ్మల్ని తాకుతుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. తగిన భద్రత పెట్టనందుకు జరిమానా ₹250 కోట్ల వరకు ఉండొచ్చు. అందరికీ అంత వేస్తారని కాదు, కానీ ఒక విషయం గుర్తుంచుకోవాలి. డేటాను క్లౌడ్ సంస్థ చేతిలో పెట్టినా చట్టం ముందు జవాబు చెప్పాల్సింది మీరే. సైబర్ దాడి లాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్‌కు తెలియజేయాలనీ, సిస్టంలో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే లాగ్‌లు 180 రోజులు దాచాలనీ 2022 ఏప్రిల్ ఆదేశాలు చెబుతున్నాయి. క్లౌడ్ ఖాతాలో లాగ్‌లు 180 రోజులు నిలిచేలా సెట్టింగ్ పెట్టుకోండి, చాలాచోట్ల అది తక్కువ రోజులకే ఉంటుంది.

నాలుగో మెట్టు: మీ ఊరి నుంచి సర్వర్ ఎంత దూరం

ఏడబ్ల్యూఎస్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నవంబరు నుంచి హైదరాబాదులో కేంద్రాలున్నాయి. మైక్రోసాఫ్ట్ అజూర్‌కు పుణె, చెన్నై, ముంబైలలో, గూగుల్‌కు ముంబై, ఢిల్లీలలో ఉన్నాయి. కర్నూలుకు హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లే కాబట్టి వేగానికి లోటుండదు. కొత్త కేంద్రంలో మీకు కావలసిన సేవ ఉందో లేదో, ధర ముంబైతో పోలిస్తే ఎలా ఉందో మాత్రం చూసుకోవాలి.

దూరం ఎందుకు ముఖ్యమో ఒక లెక్క చూడండి. అమెరికాలో సర్వర్ అయితే ఒక్కసారి వెళ్లి రావడానికే 200 మిల్లీసెకన్లు దాటుతుంది. పాతకాలపు బిల్లింగ్ ప్రోగ్రాం ఒక బిల్లుకు 30 సార్లు డేటాబేస్‌ను అడిగితే 6 సెకన్లు పోతాయి. కౌంటరు దగ్గర కస్టమరు నిలబడి ఉండగా 6 సెకన్లు చాలా ఎక్కువ. చవకని చెప్పి విదేశీ సర్వర్ అంటగట్టేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

మీ వైపు నెట్ కూడా చూసుకోవాలి. రెండు వేర్వేరు కంపెనీల లైన్లు తీసుకోండి, రెండూ ఒకే స్తంభం మీదుగా రాకుండా చూడండి. రెండోది సిమ్‌తో నడిచే రౌటరైనా ఫర్వాలేదు. కరెంటు పోయినప్పుడు షాపు ఇన్వర్టర్ మీద కంప్యూటర్లు వెలుగుతూ ఉంటాయి, గోడ మీది ఫైబర్ పెట్టె, రౌటరు మాత్రం ఆ లైన్లో ఉండవు. ఇవాళే మెయిన్ ఆఫ్ చేసి చూడండి. మొదటిసారి డేటా పైకి ఎక్కించేటప్పుడు అప్‌లోడ్ వేగమే లెక్క. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో 50 జీబీ వెళ్లడానికి దాదాపు 11 గంటలు పడుతుంది. సీటీ స్కాన్ బొమ్మలు నిలవ చేసే నర్సింగ్ హోముకైతే ఈ ఒక్క కారణం చాలు హైబ్రిడ్ ఎంచుకోవడానికి. కొత్త స్కాన్లు ఆస్పత్రిలోనే ఉండి, పాతవి రాత్రిపూట క్లౌడ్‌కు వెళితే డాక్టరుకు ఎదురుచూపు ఉండదు.

అయిదో మెట్టు: మూడేళ్ల ఖర్చు వేయండి

సర్వర్ గంటకు ₹8 అనుకుందాం. నెలకు 730 గంటలు, అంటే ₹5,840. పరీక్షల కోసం పెట్టుకున్న సర్వర్‌ను రోజుకు 12 గంటలు, నెలకు 26 రోజులు మాత్రమే నడిపితే 312 గంటలకు ₹2,496. ఆపేసినా డిస్కు అద్దె పడుతూనే ఉంటుంది, అది మరవకండి. దీని మీద బ్యాకప్ స్థలం, బయటికి వెళ్లే డేటా ఛార్జీ, విండోస్ లైసెన్సు, సపోర్టు, చూసుకునే మనిషి జీతం కలపండి. ఏడబ్ల్యూఎస్‌లో 2024 ఫిబ్రవరి నుంచి సర్వర్‌కు ఇంటర్నెట్‌లో ఉండే పబ్లిక్ ఐపీ (ఐపీవీ4) చిరునామాకు కూడా విడిగా వసూలు చేస్తున్నారు. అటువైపు సొంత సర్వర్‌కు కొన్న ధర, యూపీఎస్ బ్యాటరీలు, కరెంటు వేయండి. 300 వాట్లు లాగే సర్వర్ ఆగకుండా నడిస్తే నెలకు 219 యూనిట్లు.

జీఎస్‌టీ 18 శాతం. ఖాతాలో మీ జీఎస్‌టీ నంబరు ఎక్కించకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ పోయినట్టే. విదేశీ కంపెనీ నేరుగా బిల్లు వేస్తే రివర్స్ ఛార్జ్ కింద పన్ను మీరే కట్టాలి, ముందే మీ ఆడిటరుతో మాట్లాడండి.

చవక సర్వర్లలో ఒక మెలిక ఉంది. ఏడబ్ల్యూఎస్‌లో టీ సిరీస్ లాంటివి ఖాళీగా ఉన్నప్పుడు క్రెడిట్లు కూడబెట్టుకుని పని పడ్డప్పుడు ఖర్చు చేస్తాయి. క్రెడిట్లు అయిపోతే వేగం పడిపోతుంది, లేదా బిల్లు పెరుగుతుంది. విత్తనాలు, ఎరువుల డీలరు ఏప్రిల్‌లో పరీక్షించి బాగుందనుకుంటాడు. ముంగారు వానలు పడగానే పొద్దున్నుంచి రాత్రి దాకా బిల్లులే. అప్పుడు సర్వర్ మూలుగుతుంది. అందుకే రద్దీ రోజు ఎన్ని బిల్లులు పడతాయో అన్ని వేసి పరీక్షించాలి. ఏడాదికో మూడేళ్లకో ఒప్పుకుంటే తగ్గింపు ఇస్తారు గానీ, ఒక సీజను వాడకం చూడకుండా ఆ సంతకం పెట్టొద్దు.

99.9 శాతం పనిచేస్తుందన్న హామీని కూడా నిమిషాల్లోకి మార్చి చూడండి. నెలకు 43 నిమిషాలు ఆగినా వాళ్లు మాట తప్పినట్టు కాదు. తప్పినా సాధారణంగా బిల్లులో కొంత తగ్గింపే ఇస్తారు, మీ వ్యాపార నష్టం కట్టివ్వరు.

ఆరో మెట్టు: బ్యాకప్, దాన్ని తిరిగి తెచ్చుకోవడం

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలు నగరంలోకి వచ్చాయి. నీరు చేరిన చోట కింది అంతస్తులో ఏ యంత్రం ఉన్నా మునిగింది. మన దగ్గరే ఉన్న ఒక్క ప్రతి మీద వ్యాపారం నిలబెట్టకూడదని ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. క్లౌడ్‌లో పెట్టినా సూత్రం మారదు. 2021 మార్చిలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటరు కాలిపోయినప్పుడు, బ్యాకప్‌ కూడా అదే ప్రాంగణంలో పెట్టుకున్న కస్టమర్లలో కొందరి డేటా తిరిగి రాలేదు. 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ నిధి యూనిసూపర్ గూగుల్ దగ్గర పెట్టుకున్న ప్రైవేట్ క్లౌడ్, గూగుల్ వైపు జరిగిన సెట్టింగ్ పొరపాటుతో తుడిచిపెట్టుకుపోయింది. వేరే సంస్థ దగ్గర కూడా బ్యాకప్ ఉంచుకోవడం వాళ్లు మళ్లీ నిలబడడానికి తోడ్పడింది.

కాబట్టి మూడు ప్రతులు, రెండు వేర్వేరు చోట్ల, అందులో ఒకటి వేరే సంస్థ దగ్గర లేదా మీ ఇంటి బీరువాలోని డిస్కులో. ఒకటి మాత్రం నిర్ణీత రోజుల దాకా ఎవరూ చెరపలేని విధంగా లాక్ చేసి ఉండాలి. ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆదుకునేది అదే. మూడు నెలలకోసారి ఒక ఖాళీ కంప్యూటర్ తీసుకుని బ్యాకప్ నుంచి మొత్తం తెచ్చి, నిన్నటి చివరి బిల్లు నంబరు కనిపిస్తుందో లేదో చూడండి. గడియారం పెట్టుకుని ఎంతసేపు పట్టిందో రాయండి. మొదటి మెట్టులో రాసుకున్న గంటల కంటే ఎక్కువ పడితే పద్ధతి మార్చాలి.

ఏడో మెట్టు: తాళంచెవి ఎవరి దగ్గర

నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే. క్లౌడ్ ఖాతా, వెబ్‌సైటు చిరునామా అయిన డొమైన్ పేరు రెండూ డెవలపరు సొంత ఈమెయిల్ మీద ఉంటాయి. అతను ఉద్యోగం మారాడనో, డబ్బు దగ్గర మాటా మాటా పెరిగిందనో వ్యాపారి తన డేటాకే తాను పరాయివాడవుతాడు. ప్రధాన ఖాతా యజమాని ఈమెయిల్, యజమాని ఫోన్ నంబరు మీదే తెరవాలి. డెవలపరుకు అతని పనికి కావలసినంత అనుమతితో వేరే లాగిన్ ఇవ్వాలి. కార్డు మీది, బిల్లు మీ పేరున, నెలవారీ ఖర్చు హద్దు దాటితే మెసేజ్ మీ ఫోనుకు రావాలి. ప్రోగ్రాం సోర్స్ కోడ్ ప్రతి కూడా మీ దగ్గర ఉండేలా ఒప్పందంలో రాయించుకోండి.

బయటికి వచ్చే దారి కూడా చేరే ముందే చూసుకోవాలి. సాస్ అయితే ఉచితంగా వాడి చూసే రోజుల్లోనే మొత్తం డేటాను ఎక్సెల్‌లోకి దించండి. జతపరిచిన బిల్లు ఫొటోలు, పీడీఎఫ్‌లు కూడా వస్తున్నాయా చూడండి. పెద్ద క్లౌడ్ సంస్థలు మూడూ 2024లో, పూర్తిగా వదిలి వెళ్లేవాళ్లకు డేటా బయటికి తీసే ఛార్జీని కొన్ని షరతులతో ఎత్తేశాయి. చిన్న కంపెనీలతో మాత్రం ఈ మాట కాగితం మీద ఉండాలి.

ఎనిమిదో మెట్టు: మారే రోజు

పత్తి మిల్లు అయితే సీజను ముగిసిన వేసవిలో, ఎరువుల డీలరైతే ముంగారుకు బాగా ముందు మారాలి. నెలలో 11, 20 తేదీల దగ్గర జీఎస్‌టీ రిటర్నుల టెన్షన్ ఉంటుంది, ఆ రోజులు వద్దు. అన్నీ ఒకేసారి కదపకుండా ఆగినా ఫర్వాలేదనుకున్న సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి. జీతాలు ముందు, లెక్కలు తర్వాత, బిల్లింగు చివర.

పాతదీ కొత్తదీ రెండూ ఒక పూర్తి నెల పక్కపక్కన నడవాలి. నెలాఖరున స్టాకు, బాకీలు, జీఎస్‌టీ మొత్తాలు రెండు చోట్లా పైసాతో సహా కలవాలి. కలిశాక పాత సర్వర్ చివరి బ్యాకప్ తీసి, తెరిచి చూసి, భద్రపరచండి. ఆ తర్వాత పాత హార్డ్ డిస్కును పూర్తిగా తుడిచేయాలి. అందులో మీ కస్టమర్ల వివరాలన్నీ ఉంటాయి, తుడవకుండా పాత సామాన్ల బండికి వేయకండి.